ముదిరిన క్యాన్సర్‌లో సీఆర్పీ, అల్బుమిన్, రక్తకణాల అంకెలను ఇంటివారు ఎలా చదవాలి

క్యాన్సర్ ముదిరిన మనిషి ఉన్న ప్రతి ఇంట్లోనూ, బీరువా పైనో పరుపు కిందో, రిపోర్టుల సంచీ ఒకటి ఉంటుంది. అందులో స్కాన్ ఫిల్ములకూ బయాప్సీ కాగితాలకూ దక్కే గౌరవం మామూలు రక్తపరీక్షల కాగితాలకు దక్కదు. కీమోకు ముందు డాక్టరు ఒకసారి చూసి పక్కన పెట్టేసిన సీబీపీ (రక్తకణాల లెక్క), లివర్ పరీక్ష కాగితాలు మడతలు పడి అడుగున చేరిపోతాయి. అయితే జబ్బు మనిషిని లోపల ఎంత వేగంగా కరిగిస్తున్నదో సూచించే అంకెలు చాలావరకు ఉండేది ఆ కాగితాల్లోనే. వాటిని వరుసగా పేర్చి, కూడి, భాగించి చూడడం పదో తరగతి లెక్కలు వచ్చిన ఎవరికైనా సాధ్యమే.

ఈ అంకెలతో 'ఇంకా ఎన్ని నెలలు' అన్న ప్రశ్నకు జవాబు రాదని ముందే చెప్పాలి. ఇవన్నీ వందల, వేల మంది రోగులను గుంపుగా చూసి తేల్చిన సూచికలు కాబట్టి, ఆ గుంపులో మీ మనిషి ఏ మూలన ఉన్నారో అవి చెప్పలేవు. ఓపీలో దొరికే ఐదు నిమిషాల్లో డాక్టరును సరైన ప్రశ్న అడగడానికి, దారి మార్చాల్సిన సమయం వచ్చిందేమో ముందుగా పసిగట్టడానికి మాత్రం ఇవి బాగా పనికొస్తాయి.

మొదట పట్టిక గీయండి

పొడవాటి నోటుపుస్తకాన్ని అడ్డంగా తిప్పి గడులు గీయండి. తేదీ, ల్యాబు పేరు, సీఆర్పీ (లోపలి వాపుతో రక్తంలో పెరిగే ప్రోటీన్), అల్బుమిన్ (రక్తంలోని మరో ప్రోటీన్), మొత్తం తెల్లకణాలు, న్యూట్రోఫిల్స్ శాతం, లింఫోసైట్ల శాతం, ప్లేట్‌లెట్లు, బరువు అన్నవి ఒక్కో గడిలో రావాలి. చివర ఒక వెడల్పాటి గడి వదిలి, దానికి 'ఆ రోజుల్లో ఏం జరిగింది' అని పేరు పెట్టండి. జ్వరం వచ్చిందా, కీమో ఎక్కించి ఎన్నాళ్లయింది, డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్ వాడుతున్నారా, తెల్లకణాలు పెంచే ఇంజెక్షన్ చేశారా, పొట్టనీరు తీశారా, రక్తం గానీ అల్బుమిన్ బాటిల్ గానీ ఎక్కించారా అన్న సంగతులన్నీ ఆ గడిలో రాయాలి. అనుభవం మీద చెబుతున్నాను, పట్టిక మొత్తంలో అతి విలువైన గడి అదే. అది ఖాళీగా ఉంటే మిగతా అంకెలన్నీ తప్పుదోవ పట్టించగలవు.

అంకెలు సీబీపీలోనూ లివర్ ఫంక్షన్ టెస్టులోనూ దొరుకుతాయి. సీఆర్పీ మాత్రం చాలాచోట్ల విడిగా రాస్తేనే చేస్తారు. సంచీ అంతా వెతికినా అది కనిపించకపోతే, ఈసారి రక్తం తీసేటప్పుడు దాన్ని కూడా కలపవచ్చా అని డాక్టరును అడగండి. రెండో సూది అవసరం లేదు, తీసిన రక్తంలోనే చేస్తారు.

అంకె కన్నా ముందు యూనిట్ చూడండి

మా పెద్దమ్మ పాంక్రియాస్ క్యాన్సర్‌తో బాధపడుతున్న రోజుల్లో ఒక ల్యాబులో సీఆర్పీ 62 వచ్చింది. పది రోజుల తర్వాత, ఇంటికి దగ్గరని వేరే ల్యాబులో చేయిస్తే 4.8 వచ్చింది. అన్నయ్య ఫోన్ చేసి 'తగ్గిపోయిందిరా' అని చెబుతుంటే గొంతు వణికింది. ఆ పూట ఇంట్లో పాయసం కూడా వండారు. సాయంత్రం కాగితాన్ని వెలుతురులో పెట్టి చూస్తే, 4.8 పక్కన చిన్న అక్షరాల్లో 'డెసిలీటరుకు మిల్లీగ్రాములు' అని ఉంది. మొదటి ల్యాబు లీటరుకు లెక్క ఇచ్చింది. లీటరు అంటే పది డెసిలీటర్లు కాబట్టి, రెండో అంకెను పదితో హెచ్చిస్తే 48 అవుతుంది. తగ్గిన మాట నిజమే గానీ, మేము అనుకున్న తగ్గుదల అది కాదు.

అందువల్ల పట్టికలో సీఆర్పీని ఎప్పుడూ లీటరుకు మిల్లీగ్రాములలోకి మార్చే రాయండి. అల్బుమిన్‌ను మన ల్యాబులు సాధారణంగా డెసిలీటరుకు గ్రాములలో 3.5, 2.9 అన్నట్లు ఇస్తాయి. ఇంటర్నెట్‌లో కనిపించే బ్రిటన్ వ్యాసాల్లో అదే 35, 29 అని ఉంటుంది. తెల్లకణాలను కొన్ని ల్యాబులు 11,200 అని, మరికొన్ని వేల లెక్కన 11.2 అని రాస్తాయి. ప్లేట్‌లెట్లు కూడా అంతే, 4.1 లక్షలన్నా 410 వేలన్నా ఒకటే. వీలైనంతవరకు ఒకే ల్యాబులో చేయిస్తే ఈ తిప్పలు తప్పుతాయి.

సీఆర్పీ: లోపలి వాపుకు కొలత

సీఆర్పీలో మొదటి అక్షరం క్యాన్సర్‌కు గుర్తు అని చాలామంది అనుకుంటారు. దానికీ క్యాన్సర్‌కూ సంబంధం లేదు. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తాన్ని పరీక్షిస్తుండగా, ఆ జబ్బు తెచ్చే బాక్టీరియాలోని 'సీ' అనే పదార్థంతో కలిసి గడ్డకట్టే ప్రోటీన్ ఒకటి బయటపడింది. సీ-రియాక్టివ్ ప్రోటీన్, అంటే సీఆర్పీ, అన్న పేరు అలా వచ్చింది.

దెబ్బ తగిలిన వేలు ఎర్రబడి, వాచి, వేడెక్కి సలుపుతుంది. గాయం మానగానే ఆ హడావిడి అణగిపోతుంది. ముదిరిన క్యాన్సర్‌లో చాలామందికి ఇదే పని పైకి కనిపించకుండా, ఒళ్లంతటా, ఆగకుండా సాగుతూ ఉంటుంది. కణితి నుంచీ, దానితో పోరాడే కణాల నుంచీ ఇంటర్‌ల్యూకిన్-6 వంటి రసాయనాలు రక్తంలోకి విడుదలై కాలేయాన్ని చేరుతాయి. వాటి ప్రేరణతో కాలేయం సీఆర్పీని పెద్దమొత్తంలో తయారుచేస్తుంది. ఆ రసాయనాలే ఆకలిని చంపుతాయి, కండను కరిగిస్తాయి, నీరసాన్ని పెంచుతాయి. 'తినడం లేదు కాబట్టి చిక్కిపోతున్నారు' అని మనం అనుకునేదానిలో సగం కథ ఇక్కడే ఉంది. లోపల సాగే ఈ మంట వల్లనే తినలేకపోతున్నారు, తిన్నది కూడా ఒంటికి పట్టడం లేదు.

మామూలుగా సీఆర్పీ లీటరుకు 5 మిల్లీగ్రాముల లోపు ఉంటుందని చాలా ల్యాబులు రాస్తాయి. క్యాన్సర్ లెక్కల్లో ఎక్కువగా వాడే గీత 10. రక్తంలో ఇది దాదాపు 19 గంటల్లో సగానికి తగ్గుతుంది కాబట్టి, కారణం తొలగితే కొద్ది రోజుల్లోనే దిగివస్తుంది. హెచ్‌ఎస్-సీఆర్పీ అని రాసి ఉన్నా కొలిచింది ఆ ప్రోటీన్‌నే, కాకపోతే గుండె జబ్బు ముప్పు చూడడానికి చిన్న అంకెలను సూక్ష్మంగా కొలుస్తారు. వాపును చూడడానికే చేసే ఈఎస్సార్ అనే మరో రక్తపరీక్షను మాత్రం దీనికి బదులుగా వాడకండి. రక్తహీనత ఒక్కటే ఉన్నా అది పెరుగుతుంది, ముదిరిన క్యాన్సర్‌లో రక్తహీనత లేనివారు తక్కువ.

అల్బుమిన్: గుడ్ల లెక్క కాదు

ఈ గైడులో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. అల్బుమిన్ 2.8 అని కాగితంలో కనిపించగానే మన ఇళ్లలో మొదట జరిగేది కోడిగుడ్ల ట్రే కొనుక్కురావడం. తెల్లసొనలోని ప్రోటీన్ పేరులోనూ అల్బుమిన్ అన్న మాట ఉండడం వల్ల, రోజుకు ఆరు తెల్లసొనలు తినిపిస్తే రక్తంలో అంకె పెరుగుతుందన్న నమ్మకం బలంగా స్థిరపడింది. వాంతి వస్తున్న మనిషి నోట్లో స్పూనుతో తెల్లసొన పెట్టి, మింగకపోతే కోప్పడి, చివరికి ఇద్దరూ కన్నీళ్లు పెట్టుకోవడం నేను కళ్లారా చూశాను.

తిన్న ప్రోటీన్ ఏదైనా పేగులో చిన్నచిన్న ముక్కలుగా విడిపోయాకే రక్తంలోకి వస్తుంది. రక్తంలోని అల్బుమిన్‌ను తయారుచేసేది కాలేయం. ఇన్‌ఫ్లమేషన్, అంటే పైన చెప్పిన లోపలి వాపు, మొదలైతే కాలేయం తన పని వరుసను మార్చుకొని, సీఆర్పీ వంటివాటికి పెద్దపీట వేసి, అల్బుమిన్ తయారీని తగ్గిస్తుంది. పైగా సన్నని రక్తనాళాల గోడలు వదులై, ఉన్న అల్బుమిన్ కూడా రక్తం నుంచి కణజాలంలోకి జారిపోతుంది. ఆకలితో నెలల తరబడి చిక్కి శల్యమైనా, లోపల ఇన్‌ఫ్లమేషన్ లేని వారిలో అల్బుమిన్ తరచుగా మామూలుగానే ఉంటుంది. అనొరెక్సియా నెర్వోసా అనే జబ్బుతో తిండి మానేసి ఎముకల గూడైన వారి రిపోర్టులు దీనికి సాక్ష్యం. అందుకే అమెరికాలోని పోషణ వైద్యుల సంఘం ఆస్పెన్, అల్బుమిన్‌నూ, ప్రీఅల్బుమిన్ అనే మరో రక్త ప్రోటీన్‌నూ పోషకాహార లోపానికి కొలతలుగా వాడవద్దని స్పష్టంగా ప్రకటించింది. పోషకాహార లోపాన్ని నిర్ధారించడానికి 2019లో వెలువడిన అంతర్జాతీయ గ్లిమ్ ప్రమాణాల్లోనూ అల్బుమిన్‌కు చోటు లేదు.

అయితే దాన్ని చూడడం దేనికి? అల్బుమిన్ రక్తంలో దాదాపు 20 రోజులకు గానీ సగం తగ్గదు. సీఆర్పీ నిన్నమొన్నటి సంగతి చెబితే, అల్బుమిన్ చాలా వారాల సంగతి చెబుతుంది. మంట ఎంతకాలంగా సాగుతోందో, శరీరం ఎంత నిల్వ ఖర్చు పెట్టిందో అందులో కనిపిస్తుంది. కాబట్టి ఆ అంకె తగ్గిందని మనిషిని కోప్పడడంలో అర్థం లేదు. అది వారి తప్పు కాదు, వండిపెట్టేవారి తప్పూ కాదు.

అల్బుమిన్ బాటిల్ సంగతి కూడా చెప్పాలి. 20 శాతం ద్రావణం 100 మిల్లీలీటర్ల బాటిల్‌లో ఉండేది 20 గ్రాములు. అది ఎక్కిస్తే మర్నాటి రిపోర్టులో అంకె పెరగవచ్చు గానీ, జబ్బు గతి మారదు, ఎక్కించినది కూడా అదే దారిలో జారిపోతుంది. కాలేయం పాడై పొట్టనీరు ఎక్కువగా తీసినప్పుడు దాని అవసరం వేరు. కేవలం అంకెను పెంచడానికి అప్పు చేసి బాటిళ్లు కొనే ముందు, 'ఇది ఎందుకు ఇస్తున్నారు, దీనివల్ల ఏం మారుతుంది' అని తప్పక అడగండి.

రెండు అంకెలను కలిపి చూడండి

స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగర వైద్యులు, ఆపరేషన్‌కు వీలుకాని ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులను పరిశీలించి, సీఆర్పీ, అల్బుమిన్ రెండింటినీ కలిపిన స్కోరును 2003లో ప్రకటించారు. తర్వాత దాన్ని కొంచెం సవరించారు. ఇప్పుడు వాడే సవరించిన గ్లాస్గో స్కోరు ప్రకారం, సీఆర్పీ 10 దాటకపోతే అల్బుమిన్ ఎంతున్నా స్కోరు సున్నా. సీఆర్పీ 10 దాటి, అల్బుమిన్ 3.5 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే స్కోరు ఒకటి. సీఆర్పీ 10 దాటి, అల్బుమిన్ 3.5 కన్నా తక్కువైతే స్కోరు రెండు. అంకె పెరిగేకొద్దీ, సగటున, ముందున్న కాలం తక్కువ, కీమోను తట్టుకోవడం కష్టం.

ఆ సవరణలో ఒక పాఠం ఉంది. మొదటి స్కోరులో సీఆర్పీ మామూలుగా ఉండి అల్బుమిన్ ఒక్కటే తగ్గినా ఒక పాయింటు వేసేవారు. సీఆర్పీ పెరగకుండా అల్బుమిన్ మాత్రమే తగ్గినవారిలో ఆ తగ్గుదలకు పెద్ద ప్రభావం కనిపించకపోవడంతో ఆ పాయింటును తీసేశారు. నిర్ణయించేది ఇన్‌ఫ్లమేషనే అన్నమాట. ఈ స్కోరుపై 2013 నాటికే 60కి పైగా అధ్యయనాలు, 30,000 మందికి పైగా రోగులతో జరిగాయి. క్యాన్సర్ ఏ అవయవానిదైనా దిశ దాదాపు ఒకటే.

తెల్లకణాల నిష్పత్తిని ఎలా లెక్కించాలి

సీఆర్పీ చేయించనివారికి కూడా సీబీపీ ఉంటుంది. అందులో రెండు రకాల తెల్లకణాల మధ్య నిష్పత్తి చూస్తారు. న్యూట్రోఫిల్స్ ఇన్‌ఫ్లమేషన్‌తో పెరిగేవి, లింఫోసైట్లు క్యాన్సర్‌ను గుర్తుపట్టి పోరాడే వైపువి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదాన్ని ఎన్‌ఎల్‌ఆర్ అంటారు. శాతాలతో భాగించినా, కణాల సంఖ్యలతో భాగించినా జవాబు ఒకటే.

ఒక ఊహా రిపోర్టును బల్ల మీద పెట్టుకుందాం. మొత్తం తెల్లకణాలు 11,200, న్యూట్రోఫిల్స్ 82 శాతం, లింఫోసైట్లు 10 శాతం, ప్లేట్‌లెట్లు 4.1 లక్షలు, అల్బుమిన్ 2.9, సీఆర్పీ 48. ఎనభైరెండును పదితో భాగిస్తే ఎన్‌ఎల్‌ఆర్ 8.2. లింఫోసైట్ల అసలు సంఖ్య కోసం 11,200లో 10 శాతం తీస్తే 1,120. ప్లేట్‌లెట్ల 4,10,000ను 1,120తో భాగిస్తే సుమారు 366. దీన్ని పీఎల్‌ఆర్ అంటారు. సీఆర్పీ 10 దాటింది, అల్బుమిన్ 3.5 లోపు ఉంది, కాబట్టి గ్లాస్గో స్కోరు రెండు.

ఎన్‌ఎల్‌ఆర్ ఎంత దాటితే ఎక్కువ అన్నదానికి అందరూ ఒప్పుకున్న ఒకే గీత లేదు. ఒక్కో అధ్యయనం మూడనో, నాలుగనో, ఐదనో తీసుకుంది. 2014లో వంద అధ్యయనాలను, 40,559 మంది రోగులను కలిపి చూసిన విశ్లేషణలో ఆ గీతల మధ్యస్థ విలువ 4గా తేలింది. దాన్ని దాటినవారికి మరణపు ముప్పు సుమారు 1.8 రెట్లు. కాబట్టి 3.8కీ 4.2కీ తేడా వెతకకండి. రెండు నుంచి ఎనిమిదికి పాకితే పట్టించుకోండి. పీఎల్‌ఆర్‌ను నేనైతే రాసుకొని వదిలేస్తాను. ఐరన్ లోపం ఉన్నా ప్లేట్‌లెట్లు పెరుగుతాయి, డెంగీ వస్తే పడిపోతాయి.

పోషణ పేరు పెట్టుకున్న సూచికలూ కొన్ని కనిపిస్తాయి. జపాన్‌కు చెందిన ఒనొడెరా బృందం 1984లో పేగు ఆపరేషన్లకు ముందు చూడడానికి ఇచ్చిన పీఎన్‌ఐ వాటిలో ఒకటి. అల్బుమిన్‌ను పదితో, లింఫోసైట్ల సంఖ్యను 0.005తో హెచ్చించి కూడాలి. పై రిపోర్టులో 29, 5.6 కలిస్తే 34.6. అప్పట్లో 40 లోపు వస్తే పేగును కోసి అతికే ఆపరేషన్‌కు వెనుకాడాలని సూచించారు. స్పెయిన్‌లో పుట్టిన కోనట్ స్కోరు వీటికి కొలెస్ట్రాల్‌ను కూడా కలుపుతుంది. పేరులో పోషణ ఉన్నా, రెండింటిలోనూ పెద్ద వాటా అల్బుమిన్‌దే కాబట్టి అవి కూడా చాలావరకు ఇన్‌ఫ్లమేషన్‌నే కొలుస్తున్నాయి. గ్లాస్గో స్కోరు, ఎన్‌ఎల్‌ఆర్ చేతిలో ఉంటే ఇవి కొత్తగా చెప్పేది తక్కువ.

నమ్మకూడని రిపోర్టును పక్కన పెట్టండి

ఇప్పుడు చివరి వెడల్పాటి గడిని తీయండి. సీఆర్పీని ఆకాశానికి ఎత్తేవాటిలో మొదటిది ఇన్‌ఫెక్షన్. న్యుమోనియా, మూత్రంలో చీము, కీమో పోర్టులో ఇన్‌ఫెక్షన్, పైత్యనాళంలో పెట్టిన స్టెంట్ మూసుకుపోవడం, మన ప్రాంతంలో మరిచిపోకూడని టీబీ, వీటిలో ఏదున్నా సీఆర్పీ వందలు దాటవచ్చు. ఆ రోజు అంకెను క్యాన్సర్ ఖాతాలో రాయకండి. ఇన్‌ఫెక్షన్ తగ్గాక, జ్వరం లేని రోజున మళ్లీ చేయించిన అంకెనే లెక్కలోకి తీసుకోండి.

స్టెరాయిడ్ వల్ల కొన్ని గంటల్లోనే న్యూట్రోఫిల్స్ పెరిగి లింఫోసైట్లు తగ్గుతాయి. వాంతులకో, మెదడు వాపుకో డెక్సామెథసోన్ వాడుతుంటే ఎన్‌ఎల్‌ఆర్ పన్నెండు వచ్చినా బెంబేలు పడకండి. తెల్లకణాలు పెంచే ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్ తర్వాత ఎన్‌ఎల్‌ఆర్‌కు అర్థమే ఉండదు. కాలేయం దెబ్బతిన్నవారిలో, మూత్రంలో ప్రోటీన్ పోయేవారిలో అల్బుమిన్ వేరే కారణంతో తగ్గుతుంది. ఒళ్లు ఎండిపోయి రక్తం చిక్కబడితే ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది, సెలైన్లు ఎక్కించాక పలచబడి తక్కువగా కనిపిస్తుంది.

కీమో తర్వాత వచ్చే జ్వరం గురించి ఒక హెచ్చరిక. కీమో ఎక్కించిన కొన్నాళ్లకు న్యూట్రోఫిల్స్ బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో జ్వరం 101 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరినా, 100.4 దగ్గర గంటసేపు నిలిచినా, పట్టికలూ నిష్పత్తులూ పక్కన పడేసి వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి. రాత్రి రెండయినా సరే, తెల్లవారనిద్దాం అనుకోవద్దు.

ఒక్క రిపోర్టుతో తేల్చకండి, వరుస చూడండి

మన ఊహా రిపోర్టు మనిషికి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ బయటపడి, యాంటీబయాటిక్స్ వాడారనుకుందాం. మూడు వారాల తర్వాత చేయిస్తే తెల్లకణాలు 7,800, న్యూట్రోఫిల్స్ 70 శాతం, లింఫోసైట్లు 20 శాతం, సీఆర్పీ 12, అల్బుమిన్ 3.0 వచ్చాయి. ఎన్‌ఎల్‌ఆర్ 8.2 నుంచి 3.5కు దిగింది. సీఆర్పీ నాలుగో వంతుకు పడింది. అల్బుమిన్ మాత్రం నత్తనడకన కదిలింది. గ్లాస్గో స్కోరు చూస్తే ఇంకా రెండే, 12 కూడా పది దాటినదే కదా. స్కోరును మాత్రమే రాసుకున్నవారు ఏమీ మారలేదనుకుంటారు, అంకెలు రాసుకున్నవారికి మంచి మార్పు కనిపిస్తుంది. స్కోరు పక్కన అసలు అంకె తప్పక ఉండాలనడం ఇందుకే.

దీనికి తిరగబడిన పరిస్థితిని ఎక్కువ పట్టించుకోవాలి. జ్వరం లేదు, ఇన్‌ఫెక్షన్ ఆనవాలు లేదు, స్టెరాయిడ్ లేదు, అయినా మూడు రిపోర్టుల్లో వరుసగా సీఆర్పీ 15, 34, 70 అంటూ ఎక్కుతోంది, అల్బుమిన్ 3.6, 3.2, 2.8 అంటూ దిగుతోంది అంటే, స్కాన్ తేదీ ఇంకా రాకపోయినా ఆ పేజీని డాక్టరు ముందు పెట్టండి. కణితి సైజు మారకుండానే ఒంటి తీరు మారుతున్న సందర్భాలుంటాయి.

రక్తంలో కనిపించనివి ఇంట్లో కొలవండి

వారానికోసారి, ఒకే త్రాసు మీద, ఉదయం మూత్రానికి వెళ్లొచ్చాక బరువు చూడండి. ఆరు నెలల్లో 5 శాతం కన్నా ఎక్కువ బరువు తగ్గితే, అంటే 60 కిలోల మనిషి 57 కిలోల కన్నా కిందికి దిగితే, దాన్ని క్యాన్సర్‌తో వచ్చే కండ క్షీణత, కేకెక్సియా అని 2011 నాటి అంతర్జాతీయ నిర్వచనం చెబుతుంది. ముందే సన్నగా ఉన్నవారికి 2 శాతం దాటినా చాలు. పొట్టలోనో కాళ్లలోనో నీరు చేరితే త్రాసు అబద్ధం చెబుతుంది. అప్పుడు గాజులు మోచేతి దాకా జారుతున్నాయా, ఉంగరం వదులైందా, జాకెట్టు చేతులు ఎంత కుట్టు లోపలికి వేయాల్సి వచ్చింది అన్నవే నమ్మదగిన కొలతలు. భుజానికీ మోచేతికీ నడుమ చేతి చుట్టుకొలతను టేపుతో కొలిచి రాసుకుంటే మరీ మంచిది.

పగటిపూట మేలుకొని ఉన్న సమయంలో సగానికి పైగా మంచం మీదే గడుస్తోందా అన్నది మరో కొలత. రోగి ఎంత చురుగ్గా తిరగగలరో చూసే ఈసీఓజీ స్కేలు మీద వైద్యులు దీన్ని మూడో మెట్టు అంటారు, పూర్తిగా మంచాన పడితే నాలుగో మెట్టు. ఈ మెట్టును గ్లాస్గో స్కోరుతో కలిపి చూస్తే, ఏదో ఒకదాన్ని చూసినదానికన్నా అంచనా మెరుగ్గా ఉంటుందని ముదిరిన క్యాన్సర్ రోగుల మీద జరిగిన అధ్యయనాల్లో తేలింది. స్కోరు రెండు వచ్చినా తన బట్టలు తనే ఉతుక్కుంటూ తిరిగే మనిషి, అదే స్కోరుతో మంచం దిగలేని మనిషి ఒకే గుంపు కారు.

డాక్టరు దగ్గర ఏం అడగాలి

పట్టిక పేజీని ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి, గదిలోకి మాత్రం కాగితమే తీసుకెళ్లండి. 'సీఆర్పీ ఎందుకు పెరిగిందంటారు, ఇన్‌ఫెక్షన్ కోసం వెతకాలా?' అన్నది మొదటి ప్రశ్న, ఎందుకంటే సరిచేయగలిగిన కారణం అదే. 'ఈ పరిస్థితిలో తర్వాతి కీమోను అమ్మ తట్టుకోగలదా, మోతాదు తగ్గించే ఆలోచన ఉందా?' అన్నది రెండోది. నొప్పి, ఆయాసం, ఆకలి లేకపోవడం వంటివాటిని ప్రత్యేకంగా చూసే పాలియేటివ్ కేర్ వైద్యులకు చూపించవచ్చా అన్నది మూడోది. ఆ మాట వినగానే 'చేతులెత్తేశారు' అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోట్ల ఆ విభాగం క్యాన్సర్ చికిత్సతో పాటే నడుస్తుంది.

ఆకలి గురించి విడిగా అడగండి. పుదుచ్చేరి జిప్మర్ వైద్యులు, కీమో మొదలుపెట్టిన 124 మంది ముదిరిన క్యాన్సర్ రోగులతో జరిపిన ప్రయోగాన్ని 2023లో ప్రచురించారు. రోజుకు 2.5 మిల్లీగ్రాముల ఒలాంజపిన్ మాత్ర వేసుకున్నవారిలో 60 శాతం మందికి బరువు 5 శాతానికి పైగా పెరిగింది. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో అలా పెరిగింది 9 శాతం మందికే. అది మగతనిచ్చే మందు, మానసిక వైద్యంలో వాడేది, కాబట్టి మందుల షాపులో సొంతంగా కొనవద్దు. కానీ 'ఇది మా నాన్నకు పనికొస్తుందా' అని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

తిండి విషయంలో యూరప్ పోషణ వైద్యుల సంఘం ఎస్పెన్ సూచించేది, కిలో బరువుకు రోజూ 25 నుంచి 30 కేలరీలు, 1 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు. 50 కిలోల మనిషికి 50 నుంచి 75 గ్రాములు. గుడ్డుకు ఆరు గ్రాములు, గ్లాసు పాలకు దాదాపు అంతే, వంద గ్రాముల చేపకు సుమారు ఇరవై. పూటకు ఇంత అని పెట్టకుండా, రెండు గంటలకోసారి నాలుగు ముద్దలు పెరుగన్నమో, ముద్దపప్పులో ఎక్కువ నెయ్యో, ఉప్మాలో జీడిపప్పో నడుస్తాయి. ఇది కండ కరగడాన్ని నెమ్మదింపజేయడానికి, కీమోను తట్టుకోవడానికి. రిపోర్టులో అల్బుమిన్ అంకె పెరగడం కోసమని పెట్టకండి, పెరగకపోతే నొచ్చుకోకండి.

చివరి వారాల్లో, మనిషి రోజంతా నిద్రలోనే ఉండి గుటక వేయడానికే ఇబ్బంది పడుతున్నప్పుడు, తిండి బలవంతంగా పెట్టడం వల్ల ఆయుష్షు పెరగదు, దగ్గు, ఆయాసం, వాంతి పెరుగుతాయి. అప్పుడు నర్సు రక్తం తీయడానికి వస్తే, 'ఈ ఫలితం చూసి చికిత్సలో ఏమైనా మారుస్తారా' అని అడగండి. మార్చేది లేదంటే సూది వద్దని చెప్పే హక్కు మీకుంది. పట్టికలో ఆ రోజు అంకెల గడులన్నీ ఖాళీగా వదిలి, వెడల్పాటి గడిలో రాత్రి ఎంతసేపు నిద్రపట్టింది, నొప్పి మాత్ర ఎన్నింటికి వేశారు, పెదవులు ఎన్నిసార్లు తడిపారు అన్నవి రాస్తూ ఉండండి.